కాలు నొప్పని వెళితే మూత్రం పరీక్ష రాశారు

మా ఇల్లు కంచరపాలెంలో కొండవాలున ఉంటుంది. రోడ్డు మీంచి మా గుమ్మం దాకా 62 మెట్లు. పెళ్లై వచ్చిన దగ్గర్నుంచీ ఆ మెట్ల మీదే నా బతుకంతా. బిందెలతో నీళ్లు మోశాను, ఇద్దరు పిల్లల్ని చంకనేసుకుని ఎక్కాను, కింద టిఫిన్ సెంటర్ పెట్టాక తెల్లవారుజామున పిండి గిన్నెలు దింపాను. ఎన్ని మెట్లున్నాయో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. 2022 చలికాలంలో లెక్కపెట్టాల్సి వచ్చింది. ముప్పయ్యో మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఎడమ పిక్క గుడ్డ పిండినట్టు మెలిపెట్టేది. పక్కింటి గోడ పట్టుకుని రెండు నిమిషాలు నిలబడితే పూర్తిగా పోయేది. మళ్లీ ఎక్కితే మళ్లీ అదే.

నడిస్తే వస్తుంది, ఆగితే పోతుంది. ఈ మాట ఇలాగే ఎవరైనా డాక్టరుతో చెప్పి ఉంటే అప్పుడే సంగతి బయటపడేదేమో. నేను మందుల షాపుకి వెళ్లి "కాళ్లు నొప్పులు బాబూ" అన్నాను. రోజంతా పొయ్యి దగ్గర నిలబడే మనిషికి కాళ్లు నొప్పులు రాకుండా ఎలా ఉంటాయి అనుకున్నాను, వాళ్లూ అదే అనుకున్నారు. డైక్లోఫెనాక్ బిళ్లలు, నరాల బలానికి బీ12 బిళ్లలు ఇచ్చారు. నొప్పి బిళ్ల వేసుకుంటే ఒంటికి హాయిగా ఉండేది కాబట్టి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అలవాటైపోయింది. అలా ఎనిమిది నెలలు మింగాను.

అప్పటికి నాకు షుగర్ వచ్చి పన్నెండేళ్లు దాటింది. పరగడుపున ఒకటి, తిన్నాక ఒకటి, మూడు నెలలకోసారి రక్తం ఇచ్చి, నంబర్లు చూసి, అదే మందుల చీటీ మళ్లీ రాయించుకోవడం. నేను చూపించుకునే క్లినిక్‌లో చెప్పు విప్పి కాలు చూపించమని ఆ పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు. నేనూ చూపించలేదు.

2023 ఆగస్టులో ఒక రోజు సాంబారు గిన్నె దించుతుంటే కొంచెం ఒలికి ఎడమ పాదం మీద పడింది. పడినట్టు నాకు తెలియలేదు. సాయంత్రం గిన్నెలు తోమే పిల్ల "అత్తా, నీ కాలు చూడు" అంటే చూశాను. చిటికెనవేలి పక్కన బొబ్బ ఎక్కి చితికిపోయి ఉంది. సలసల కాగే సాంబారు పడితే తెలియకపోవడం ఏమిటని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పసుపు రాశాను, ఆయింట్‌మెంట్ రాశాను. మూడు వారాలైనా పుండు మానలేదు. అంచులు తెల్లగా పాలిపోయి, మధ్యలో తడిగా, అలాగే ఉండిపోయింది.

అప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మది భీమిలి దగ్గర పల్లె. షుగర్ ఉండేది, అడ్డపొగ తాగేది. మా ఉత్తరాంధ్రలో ఆ తరం ఆడవాళ్లు చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని తాగేవారు, చూసినవాళ్లకి తెలుస్తుంది. 2006లో అమ్మ కాలి వేలు నల్లబడింది. ముందు వేలు తీశారు, తర్వాత మోకాలి కింద దాకా తీసేశారు. రెండేళ్లకి ఒళ్లంతా నీరు పట్టి, కిడ్నీలు పోయాయన్నారు. 2008లో చనిపోయింది. కాలు పోవడం ఒక కష్టం, అది చాలనట్టు కిడ్నీలు ఇంకో కష్టం, అమ్మ ఖర్మ అలా ఉందని ఏడ్చుకున్నాం. రెండూ వేర్వేరు రోగాలనే అనుకున్నాం, మొన్నమొన్నటిదాకా.

అమ్మ వేలు తలుచుకోగానే భయం పట్టుకుంది. మర్నాడు దుకాణం తియ్యకుండా ఆసుపత్రికి వెళ్లి సర్జరీ ఓపీలో వరసలో కూర్చున్నాను.

నన్ను చూసిన డాక్టరమ్మ మా అమ్మాయి వయసుది. పుండు చూసి చీటీ రాసి పంపేస్తుందనుకున్నాను. రెండు చెప్పులూ విప్పించి, రెండు పాదాలూ తన చేతుల్లోకి తీసుకుంది. పాదం పైన ఒకచోట, చీలమండ లోపలి ఎముక వెనక ఒకచోట వేళ్లు ఆనించి చాలాసేపు కళ్లు మూసుకుంది. అక్కడ కూడా నాడి కొట్టుకుంటుందని నాకు ఆ రోజే తెలిసింది. కుడి కాలికి ఒకచోట దొరికింది. ఎడమ కాలికి రెండుచోట్లా దొరకలేదు. తర్వాత సన్నని నైలాన్ దారంతో పాదం కింద అక్కడక్కడా గుచ్చుతూ, తెలిసినప్పుడు చెప్పమంది. చాలాచోట్ల నేను ఏమీ చెప్పలేదు. ఆవిడ అప్పటికే గుచ్చేసిందని తర్వాత తెలిసి ఏడుపొచ్చింది.

"మీకు రెండు ఇబ్బందులున్నాయమ్మా. నరాలకి స్పర్శ తగ్గింది, అందుకే కాలింది తెలియలేదు. రక్తం కూడా సరిగ్గా దిగట్లేదు, అందుకే మానట్లేదు" అని, కాలి బీపీ చూడాలంది.

కాలికి బీపీ చూడటం నేనెప్పుడూ వినలేదు. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి పది నిమిషాలు కదలకుండా ఉండమన్నారు. చేతులకీ చీలమండలకీ పట్టీలు చుట్టారు. కొంచెం జెల్ రాసి, పెన్నులాంటి చిన్న డాప్లర్ ఆనిస్తే లోపల రక్తం కదిలే చప్పుడు వినిపిస్తుంది. పట్టీ ఉబ్బిస్తే ఆ చప్పుడు ఆగిపోతుంది. గాలి మెల్లగా వదులుతూ ఎక్కడ మళ్లీ వినిపిస్తుందో ఆ నంబరు రాసుకుంటారు. నొప్పి లేదు, సూది లేదు. నా చేతి బీపీ 150 వచ్చింది. ఎడమ చీలమండ దగ్గర 218. కాలిది చేతిదానితో భాగిస్తే 1.45.

"ఎక్కువే ఉంది కదా మేడమ్, మంచిదేగా?" అన్నాను.

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఆ రోజు ఓపీలో నా వెనక ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు, అయినా ఆవిడ కూర్చుని చెప్పింది. 1.0 నుంచి 1.4 దాకా ఉంటే మామూలు. 0.9కి పడిపోతే కాలి రక్తనాళం ఇరుకైనట్టు. 1.4 దాటితే రక్తం బాగా వస్తోందని కాదు, నాళం గోడ గట్టిపడిపోయి పట్టీ ఎంత బిగించినా నొక్కుకోవడం లేదని. "బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లగా పడుతుంది చూశారా, అలాంటి సున్నమే నాళం గోడలో దిగిపోతుందమ్మా. షుగర్ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో చూస్తాం. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో ఇంకా ఎక్కువ చూస్తాం" అని ఆగి, "మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో చూసే పరీక్ష ఎప్పుడు చేయించారు?" అంది.

ఎప్పుడూ చేయించలేదు. కాలు నొప్పికీ మూత్రానికీ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు. కానీ పొద్దుటి మూత్రంలో కొన్ని నెలలుగా నురగ కనిపిస్తున్న సంగతి అప్పుడే తట్టింది. చెప్పాను. ఆవిడ రాసుకుంది.

చీలమండ నంబరు నమ్మడానికి వీల్లేదు కాబట్టి బొటనవేలికి చిన్న పట్టీ పెట్టి మళ్లీ చూడాలంది. వేళ్లలోని సన్న నాళాలకి ఆ సున్నం అంత త్వరగా పట్టదట. ఆ పరీక్ష బయట ఒక సెంటర్లో చేయించుకున్నాను. ఎడమ బొటనవేలు 60, కుడిది 96. చేతి 150తో భాగిస్తే ఎడమ 0.40, కుడి 0.64. ఇది 0.7 కన్నా తగ్గితే తక్కువ కింద లెక్క. నాకు రెండూ తక్కువే. చీలమండ దగ్గర 1.45 చూసి "బాగుంది" అని పంపేసి ఉంటే నా ఎడమ కాలి సంగతి ఇంకెన్నాళ్లకి తెలిసేదో. షుగర్ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లకి ఈ ఒక్క విషయం చెప్పాలనే ఇదంతా రాయడం మొదలుపెట్టాను.

రక్తం, మూత్రం రిపోర్టులు రెండు రోజులకి వచ్చాయి. కిడ్నీ వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం, క్రియాటినిన్, రక్తంలో 1.6 ఉంది. మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 9.1. మూత్రంలో అల్బుమిన్‌ని క్రియాటినిన్‌తో పోల్చి చూసే పరీక్షలో 30 లోపు ఉండాల్సింది 420 ఉంది. డాక్టరమ్మ నన్ను అక్కడి నుంచి కిడ్నీ డాక్టరు గారి దగ్గరికి పంపింది.

మా ఆయన పోర్టులో పనిచేసి రిటైరయ్యారు, దేనికీ కంగారు పడే మనిషి కాదు. ఆ కాగితం చూసి, "మనదేమైనా ఉద్దానమా, కిడ్నీ రావడానికి?" అన్నారు. మా వైపు కిడ్నీ అనగానే అందరికీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానమే గుర్తొస్తుంది, ఆ ఊళ్లలో ఇంటింటికీ ఒక మనిషి పోయిన కథలు వింటూ పెరిగాం. ఇదే మాట కిడ్నీ డాక్టరు గారిని అడిగారు కూడా. ఆయన విసుక్కోలేదు. ఉద్దానంలో షుగర్ లేనివాళ్లకి కూడా వస్తోంది, దానికి కారణం ఇంకా వెతుకుతున్నారు, మన దేశంలో కిడ్నీ జబ్బుకి అన్నిటికన్నా పెద్ద కారణం మాత్రం షుగరే అన్నారు.

ఆయన ఒక కాగితం మీద బొమ్మ గీశారు. ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల జల్లెడలుంటాయట. ఒక్కొక్కటీ సన్నని రక్తనాళాల ఉండ. "కిడ్నీ అంటే మరేంకాదమ్మా, రక్తనాళాల మూటే. షుగరు, బీపీ నాళాల లోపలి పొరని పాడుచేస్తాయి. కాలిలో పెద్ద గొట్టం ఇరుకైతే పిక్క పడుతుంది. కిడ్నీలో సన్న నాళాలు దెబ్బతింటే అల్బుమిన్ కారిపోతుంది. కాలు నొప్పి పెడుతుంది కాబట్టి మీకు తెలిసింది. కిడ్నీ నొప్పి పెట్టదు" అన్నారు. ఇది ఒకవైపు దారి. రెండోవైపు నుంచి కూడా ఉందట: కిడ్నీ పని తగ్గేకొద్దీ ఒంట్లో ఫాస్ఫరస్, కాల్షియం లెక్క తప్పి నాళాల గోడల్లోకి సున్నం ఇంకా దిగుతుంది. అప్పుడు కాలికి రక్తం ఇంకా తగ్గుతుంది, పుండు పడితే మానదు, కాలు తీసేయాల్సిన పరిస్థితి మిగతావాళ్లకన్నా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఎక్కువ వస్తుంది.

ఆయన చెబుతుంటే నాకు అమ్మే కనిపించింది. 2006 కాలు, 2008 కిడ్నీ. ఒకటే రోగం.

నా పాత రిపోర్టులన్నీ చూపించాను. 2022లో క్రియాటినిన్ 1.1 ఉంది. అప్పుడు దాన్ని చూసి "పర్వాలేదు" అన్నారు. ఆయన నా వయసు, ఆడమనిషినని లెక్కలో వేసి ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ ఎంత వడకడుతోందో చెప్పే నంబరు, కట్టారు. ఆ 1.1కే దాదాపు 60 వచ్చింది. 2023లో 1.6కి 38. మూడు నెలల పాటు 60కి తక్కువగానే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. క్రియాటినిన్ ఒక్కటే చూస్తే ఒకటో, ఒకటిన్నరో, తేడా చిన్నదిగా కనిపిస్తుంది. మీ రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ నంబరు లేకపోతే కట్టించుకోండి, క్రియాటినిన్, వయసు, ఆడా మగా చెబితే వచ్చేస్తుంది.

"ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగితే బ్యాగులోంచి అన్నీ బల్ల మీద పెట్టాను. డైక్లోఫెనాక్ అట్ట చూసి ఆయన ముఖం మారిపోయింది. నొప్పి బిళ్లలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. అసలే దెబ్బతిన్న కిడ్నీ అయితే ఇంకా నష్టం. కాలికి రక్తం అందక వచ్చిన నొప్పికి కిడ్నీకి రక్తం తగ్గించే బిళ్ల వేసుకున్నాను, అదీ రోజుకి రెండు, ఎనిమిది నెలలు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. ఆ రోజే మానేశాను. మరీ అవసరమైతే పారాసెటమాల్, అదీ అడిగే వేసుకోమన్నారు.

ఇక్కడో చిక్కు వచ్చింది. ఎడమ కాలి నాళం ఎక్కడ ఇరుకైందో తెలియాలంటే రంగు మందు ఎక్కించి సీటీ తీస్తే స్పష్టంగా కనిపిస్తుంది. ఆ రంగు మందు కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకి ఇబ్బంది చేయొచ్చు. కాలు చూసే డాక్టరు, కిడ్నీ డాక్టరు ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకున్నారు. ముందు రంగు మందు అక్కర్లేని కలర్ డాప్లర్ స్కానింగ్ చేద్దామన్నారు. గర్భిణులకి చేసే స్కానింగ్ లాంటిదే, జెల్ రాసి తొడ నుంచి పాదం దాకా చూశారు. తొడలో ఒకచోట, మోకాలి కింద రెండుచోట్ల ఇరుకు కనిపించింది. పూర్తిగా మూసుకుపోలేదు. బొటనవేలి ఒత్తిడి 60 ఉంది కాబట్టి పుండు మానే అవకాశం ఉంది, మందులతో, డ్రెస్సింగుతో చూద్దామన్నారు. రాత్రి పడుకున్నప్పుడు కూడా పాదం నొప్పి పెట్టినా, వేలు నల్లబడినా, పుండు వాసన వచ్చినా ఆ పూటే రావాలి, అప్పుడు ఇరుకైన నాళాన్ని తెరిచే బెలూన్ వేయక తప్పదు. దానికి కూడా కిడ్నీ కోసం రంగు మందు తగ్గించి, బదులుగా కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ వాడే పద్ధతి ఉందని చెప్పారు. నాకు ఆ అవసరం ఇప్పటిదాకా రాలేదు.

మందులు మారాయి. కొలెస్ట్రాల్ బిళ్ల, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్, బీపీకీ మూత్రంలో అల్బుమిన్ తగ్గడానికీ టెల్మిసార్టాన్. అది మొదలుపెట్టిన రెండు వారాలకి పొటాషియం, క్రియాటినిన్ మళ్లీ చూశారు. కొబ్బరినీళ్లు రోజూ తాగొద్దు, పొటాషియం నంబరు చూసి చెబుతాం అన్నారు. ఆర్కే బీచ్‌కి వెళితే బోండం తాగకుండా రాని మనిషిని, అది మానుకున్నాను. మెట్‌ఫార్మిన్ సగం చేశారు, ఇన్సులిన్ పెట్టారు. డాపాగ్లిఫ్లోజిన్ అనే బిళ్ల కిడ్నీకి మంచిదని చెప్పి, పుండు పూర్తిగా మానాకే మొదలుపెట్టారు. ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే ఒక టీ స్పూను, కూరలో, పచ్చడిలో, చట్నీలో అన్నిట్లో కలిపి. టిఫిన్ సెంటర్లో రుచి చూసే పని మా ఆయనకి అప్పగించాను.

డ్రెస్సింగ్ రోజు మార్చి రోజు. పదకొండు వారాలు పట్టింది. ఆ పదకొండు వారాలు 62 మెట్లు ఎక్కలేదు, కింద చెల్లి ఇంట్లో ఉన్నాను. నవంబరు చివర్లో ఒక రోజు నర్సమ్మ కట్టు విప్పి, "చర్మం వచ్చేసిందమ్మా" అంది. ఆవిడ చేతులు పట్టుకుని కళ్లకి అద్దుకున్నాను.

తర్వాత నడక. ఇది మందుతో సమానమని చెప్పారు, నేనూ అలాగే చేశాను. పిక్క పట్టేదాకా నడవాలి, పట్టాక నిలబడాలి, తగ్గాక మళ్లీ నడవాలి. ఆగే సమయం కూడా కలుపుకుని ముందు అరగంట, తర్వాత పెంచుకుంటూ వెళ్లాలి. దుకాణం కట్టేశాక సాయంత్రాలు రైల్వే క్వార్టర్ల వైపు వెళ్లేదాన్ని, అక్కడ రోడ్డు చదునుగా, నీడగా ఉంటుంది. మొదటి వారం వంద అడుగులకి ఆగాను. నాలుగో నెలకి నాలుగు వందల దాకా వెళ్లగలిగాను. నాళం తెరుచుకోకపోయినా, ఉన్న రక్తంతోనే కండరం పని చేసుకోవడం నేర్చుకుంటుందట.

ఒక్కటి మాత్రం వదులుకోలేక వదులుకున్నాను. ఏటా ఆషాఢ పౌర్ణమికి ముందురోజు సింహాద్రి అప్పన్న కొండ చుట్టూ గిరిప్రదక్షిణ చేస్తాం, 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. పెళ్లైన దగ్గర్నుంచీ దాదాపు ప్రతి ఏడూ చేశాను. 2024 జులైలో చేయొచ్చా అని అడిగితే డాక్టరమ్మ నా పాదం వైపు చూసి, "రాయి గుచ్చుకుంటే మీకు తెలియదమ్మా" అంది. ఇంకేం మాట్లాడతాను? ఆ రోజు మాధవధార దగ్గర, కాళ్లకి మెత్తని చెప్పులతో నిలబడి నడిచేవాళ్లకి మజ్జిగ పోశాను. ఎంతోమంది పాదాలు చూశాను ఆ రాత్రి. వీళ్లలో ఎంతమందికి కాలి నాడి చూసి ఉంటారా అనిపించింది.

ఇప్పుడు రాత్రి పడుకునే ముందు అద్దం నేల మీద పెట్టి రెండు అరికాళ్లూ చూసుకుంటాను, వేళ్ల సందులు తుడుచుకుంటాను. డైక్లోఫెనాక్ మానేశాక మూడు నెలలకి క్రియాటినిన్ 1.4కి దిగింది, ఈజీఎఫ్ఆర్ 44. పోయినది తిరిగి రాదని, ఉన్నది నిలబెట్టుకోవడమే పని అని చెప్పారు. ఏడాదిన్నరగా అక్కడే నిలబడి ఉంది. అల్బుమిన్ 420 నుంచి 190కి వచ్చింది. మెట్లు ఒకచోట ఆగి ఎక్కేస్తున్నాను, నలభై ఎనిమిదో మెట్టు దగ్గర.

మొన్న మా తమ్ముడు పల్లె నుంచి వచ్చాడు. వాడికి షుగర్ వచ్చి ఎనిమిదేళ్లు, వేట మానేసి వల బాగుచేసే పనిలో ఉన్నాడు. మెట్లెక్కుతూ ఇరవయ్యో మెట్టు దగ్గర గోడ పట్టుకుని నిలబడిపోయాడు. నేను పైనుంచి చూస్తున్నాను. "పిక్క పట్టేసిందే, ఏటో కాలు నొప్పి, బిళ్ల ఏసుకుంటే పోద్ది" అన్నాడు. జేబులోంచి అట్ట తీశాడు. దాన్ని లాక్కున్నాను.

మర్నాడు వెంటబెట్టుకుని తీసుకెళ్లాను. కాలి బీపీ చూశారు, రక్తం తీశారు, మూత్రానికి సీసా ఇచ్చారు. వాడు సీసా చేత్తో పట్టుకుని నా వైపు తిరిగి, "కాలు నొప్పంటే మూత్రం అడుగుతారేటే అక్కా?" అన్నాడు.

వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి అమ్మ సంగతి మొదటి నుంచి చెప్పాను. వేలు, కాలు, ఒంటికి నీరు, అన్నీ. విన్నాడు. కాసేపు ఏమీ అనలేదు. లేచి సీసా తీసుకుని లోపలికి వెళ్లాడు.